పాత ఆల్బంల రీమాస్టర్లు: 24/192 ముద్ర చూసి కొనాలా, ఏ టేపు నుంచి తీశారో అడిగి కొనాలా?

డాబాగార్డెన్స్_రికార్డులు

అందరికీ నమస్కారం. స్పీకర్లు, యాంప్లిఫయర్ల గురించి ఇక్కడ బోలెడు మాట్లాడుకున్నాం. వాటిలోంచి వినిపించే పాట ఏ దారిన మనదాకా వస్తోందో మాత్రం తీరిగ్గా ఎప్పుడూ మాట్లాడుకోలేదు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

ఒకే పాత ఆల్బం ఇప్పుడు రీమాస్టర్ అయి, అంటే పూర్తయిన రికార్డింగును మళ్ళీ దిద్ది, సీడీగా, 24 బిట్ 96 ఫైలుగా, 24 బిట్ 192 ఫైలుగా, డీఎస్‌డీ అనే ఇంకో డిజిటల్ పద్ధతిలో, 180 గ్రాముల కొత్త ఎల్పీగా వస్తోంది. ధ్వనిని సెకనుకు ఎన్ని వేలసార్లు కొలిచారో (శాంపిళ్లు) చెప్పేది ఆ 96, 192 కిలోహెర్ట్జ్; ఒక్కో కొలత ఎంత సూక్ష్మమో చెప్పేది బిట్లు. అంకె పెరిగినకొద్దీ ధర పెరుగుతోంది. ప్రకటనలో పెద్ద అక్షరాలతో ఉండేది కూడా ఆ అంకే. అది గిన్నె ఎంత పెద్దదో చెబుతుంది గానీ అందులో ఏం వండారో చెప్పదు.

మన వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి 78 రికార్డు (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డు) ఒకటి రేపు ఎవరైనా 192 కిలోహెర్ట్జ్‌లో విడుదల చేశారనుకోండి. నేను ఆ 192 గురించి అడగను. ఏ ప్రతి నుంచి తీశారు, ఏ సూదితో ఏ వేగంలో తిప్పారు, ఆ తర్వాత శబ్దానికి ఏమేం చేశారు? ఇవి అడుగుతాను. ఈ వివరాలు అట్ట మీద అచ్చు వేయకుండా 'రీమాస్టర్డ్' అన్న ఒక్క మాట వేసి డబ్బు తీసుకోవడం న్యాయం కాదని నా గట్టి అభిప్రాయం. మీరేమంటారు?

ఏయూ_హాస్టల్

అన్నా, నాకు మొదటి నుంచీ చెప్పాలి. శాంపిళ్లు ఎక్కువైతే మెట్లు చిన్నవై తరంగం నున్నగా వస్తుందని యూట్యూబ్‌లో బొమ్మ గీసి చూపిస్తున్నారు. నిజమేనా? అసలు 44.1 అనే వంకర అంకె ఎక్కడిది?

ఎంవీపీ_మిక్సింగ్

తమ్ముడూ, ఆ మెట్ల బొమ్మ తప్పు. శాంపిలింగ్ రేటులో సగానికి లోపల పౌనఃపున్యం ఉన్న ధ్వని మొత్తం తిరిగి వస్తుంది, ఉజ్జాయింపుగా కాదు, పూర్తిగా. డీఏసీలోంచి (అంకెలను తిరిగి ధ్వని తరంగంగా మార్చే పరికరం) బయటికి వచ్చే తరంగంలో మెట్లు ఉండవు. 44.1 కిలోహెర్ట్జ్ అంటే 22.05 కిలోహెర్ట్జ్ దాకా పట్టుకుంటుంది. మనిషి చెవి హద్దు 20 కిలోహెర్ట్జ్, అదీ చిన్న వయసులో. నడివయసు దాటాక 14, 15 వినిపిస్తే అదృష్టం.

అంకె సంగతి. తొలి రోజుల్లో డిజిటల్ ఆడియోను వీడియో టేపు యంత్రాల మీద దాచేవారు. అమెరికా, జపాన్ పద్ధతిలో ఒక ఫీల్డుకు (వీడియో బొమ్మలో సగం) వాడుకునే గీతలు 245, గీతకు 3 శాంపిళ్లు, సెకనుకు 60 ఫీల్డులు. గుణించి చూడు, 44,100 వస్తుంది. యూరప్ పద్ధతిలో 294 గీతలు, 3 శాంపిళ్లు, 50 ఫీల్డులు. అదే 44,100. 1982లో సీడీ వచ్చినప్పుడు అదే అంకె ఉండిపోయింది.

ఇక బిట్లు. అతి చిన్న ధ్వనికీ అతి పెద్ద ధ్వనికీ మధ్య ఎంత తేడా పట్టుకోగలమో ఇవి చెబుతాయి, ఒక్కో బిట్‌కు సుమారు 6 డెసిబెల్స్. 16 బిట్లకు 96, 24 బిట్లకు లెక్క ప్రకారం 144. ఆ 144ను నిజంగా అందుకునే సర్క్యూట్ లేదు. నాయిస్ రిడక్షన్ లేని పాత టేపు 60 నుంచి 70 డెసిబెల్స్ మధ్య ఉంటుంది. మంచి ఎల్పీ కూడా ఆ దరిదాపుల్లోనే. అంటే డెబ్బైలలో టేపు మీద రికార్డు చేసిన పాట 16 బిట్లలో హాయిగా ఇమిడిపోతుంది.

24 బిట్లు అక్కర్లేదని కాదు. రికార్డు చేసేటప్పుడు, మిక్స్ చేసేటప్పుడు అవి చాలా అవసరం. గాయకుడు ఒక్కసారిగా గొంతు ఎత్తితే పగిలిపోకుండా లెవెల్ తగ్గించి పెట్టుకోవచ్చు, కింద నాయిస్ భయం ఉండదు. ఆ తర్వాత చేసే ప్రతి పనిలోనూ పడే చిన్న చిన్న లెక్క తేడాలు వినపడనంత లోతులో ఉండిపోతాయి. నేను స్టూడియోలో 24 కంటే తక్కువలో పనిచేయను. పని అంతా అయ్యాక, సరిగ్గా డిథర్ చేసిన (బిట్లు తగ్గించేటప్పుడు వచ్చే లోపం వినపడకుండా అతి చిన్న నాయిస్ కలిపిన) 16 బిట్ 44.1 ఇంట్లో వినడానికి చాలు.

సైజు కూడా చూసుకోవాలి. స్టీరియోలో సీడీ నాణ్యత నిమిషానికి దాదాపు 10.6 ఎంబీ, 24/192 నిమిషానికి 69 ఎంబీ. నాణ్యత పోకుండా కుదించే ఫ్లాక్ ఫైలుగా చేసినా ఆరున్నర రెట్ల తేడా పెద్దగా తగ్గదు.

గాజువాక_వినైల్

లెక్కలు బాగున్నాయి గురువుగారూ, కానీ నా చెవి మాట కూడా ఉంది. ఒకే ఆల్బం సీడీ, హై-రెస్ ఫైలు (24/96, 24/192 లాంటి పెద్ద అంకెలవి) పక్కపక్కన పెట్టి విన్నాను. తేడా స్పష్టంగా ఉంది. హై-రెస్‌లో తబలా దెబ్బ విడిగా తెలుస్తోంది, గొంతు చుట్టూ చోటు ఉంది. ఇది భ్రమ అంటే ఒప్పుకోను.

ఎంవీపీ_మిక్సింగ్

భ్రమ అని నేను అనడం లేదండీ. తేడా ఉంది. అది అంకెల వల్ల వచ్చిందా, మాస్టరింగ్ వేరు కావడం వల్ల వచ్చిందా అన్నదే అసలు ప్రశ్న. చాలాసార్లు హై-రెస్ విడుదలకు కొత్తగా టేపు నుంచి తీసి, జాగ్రత్తగా, తక్కువ కంప్రెషన్‌తో (పెద్ద ధ్వనులను నొక్కి అంతా ఒకే గట్టిగా వినిపించేలా చేయడం) మాస్టర్ చేస్తారు. సీడీలో ఉన్నది పాత మాస్టరో, కారు స్టీరియోల కోసం గట్టిగా నొక్కినదో అయి ఉంటుంది.

తేల్చుకునే దారి ఉంది. మీ హై-రెస్ ఫైలునే 16/44.1కి మార్చండి. రెండింటినీ ఒకే లెవెల్‌లో పెట్టి, ఏది మోగుతోందో తెలియకుండా ఏబీఎక్స్ పద్ధతిలో వినండి. లెవెల్ కొద్దిగా ఎక్కువున్నా చెవి దాన్నే మెచ్చుకుంటుంది కాబట్టి అక్కడ జాగ్రత్త. ఫూబార్ అనే పాటల సాఫ్ట్‌వేర్‌లో దీనికి ఉచితంగా ప్లగిన్ దొరుకుతుంది.

అమెరికాలో మేయర్, మొరాన్ అనే ఇద్దరు ఇలాంటి పరీక్షే చేసి 2007లో ప్రచురించారు. ఎస్ఏసీడీ (సీడీ కంటే హెచ్చు రిజల్యూషన్ ఉన్న డిస్కు) ధ్వనిని నేరుగా ఒకసారి, మధ్యలో 16/44.1 గుండా పంపి ఒకసారి వినిపించారు. 554 ప్రయత్నాల్లో సరిగ్గా చెప్పినవి సగమే, అంటే బొమ్మా బొరుసూ వేసినట్టే. ఇదే పరిశోధనలో ఇంకో మాట ఉంది. ఎస్ఏసీడీల్లో చాలావాటి ధ్వని నిజంగానే బాగుందని, దానికి కారణం వాటిని శ్రద్ధగా తయారు చేయడమేనని రాశారు. మీ చెవి చెబుతున్నదీ అదే.

డాబాగార్డెన్స్_రికార్డులు

రెండో వైపు కూడా పెట్టాలి కదా. 2016లో లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీ నుంచి జాషువా రీస్ అప్పటిదాకా వచ్చిన 18 ప్రయోగాలను కలిపి లెక్క కట్టారు. మొత్తం మీద 52.3 శాతం సరైన జవాబులు వచ్చాయి. ముందుగా శిక్షణ ఇచ్చిన శ్రోతల్లో ఇంకా మెరుగ్గా వచ్చింది. కాబట్టి తేడా బొత్తిగా సున్నా అనలేం. కానీ శిక్షణ పొందిన చెవులు, నిశ్శబ్దమైన గది ఉంటే దొరికే ఆ చిన్న తేడాకూ, తప్పు టేపు నుంచి తీస్తే వచ్చే తేడాకూ పోలికే లేదు.

సాగర్‌నగర్_శ్రోత

నాకు బిట్ల గొడవ అంతగా పట్టదు. నేను వినేది శ్రుతి. అది తప్పితే ఎన్ని కిలోహెర్ట్జ్ పెట్టి ఏం లాభం?

అమెరికా జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ ఆల్బం 'కైండ్ ఆఫ్ బ్లూ' సంగతి చూడండి. 1959లో రికార్డు చేశారు. మొదటి వైపు పాటలు రికార్డు చేసిన రోజు అసలు యంత్రం కొంచెం నెమ్మదిగా తిరిగింది. దాన్ని మామూలు వేగంలో తిప్పితే శ్రుతి పెరిగి వినిపిస్తుంది. దశాబ్దాల పాటు ప్రపంచమంతా ఆ హెచ్చు శ్రుతిలోనే విన్నది. ఆ ఆల్బంతో కలిసి వాయిస్తూ నేర్చుకున్నవాళ్లు వాద్యం ఎందుకు కలవట్లేదా అని తల బద్దలు కొట్టుకున్నారు. పక్కన నడిచిన రెండో యంత్రం టేపు సరైన వేగంలో ఉందని గుర్తించి, దాని నుంచి 1992 విడుదలలో సరిచేశారు. అది రిజల్యూషన్ పెంచడం వల్ల జరిగిన మేలు కాదు. ఎవరో కూర్చుని, విని, వేరే టేపు వెతికారు.

మన 78 రికార్డుల్లో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. అన్నిటి గాడినీ 78 చుట్ల వేగంలోనే కోశారని నమ్మకం లేదు. పాతకాలపువి ముఖ్యంగా అటూ ఇటూ ఉంటాయి. 80 దగ్గర కోసిన రికార్డును 78 దగ్గర తిప్పితే శ్రుతి దాదాపు 44 సెంట్లు పడిపోతుంది. పక్కపక్కనున్న రెండు స్వరస్థానాల మధ్య దూరం, సెమీటోన్, 100 సెంట్లు, అంటే పడిపోయింది దాదాపు అందులో సగం. ఒకటిన్నర శ్రుతికి పాడిన ఆయన ఒకటికీ ఒకటిన్నరకీ మధ్య ఎక్కడో పాడినట్టు వినిపిస్తాడు. గొంతు స్వభావమే మారిపోతుంది, గమకం సాగినట్టు ఉంటుంది. ఆ గాయకుడి మిగతా రికార్డులు విని, ఆయన ఏ శ్రుతిలో పాడేవారో తెలిసిన మనిషి పక్కన ఉండి వేగం నిర్ణయించాలి. మన విశాఖ కళాభారతిలో కచేరీలకు ఏళ్ల తరబడి వస్తున్న పెద్దవాళ్లను అడిగితే ఈ పని చిటికెలో చేసిపెడతారు. రీమాస్టరింగ్ బృందంలో సంగీతం తెలిసినవాడు ఒక్కడైనా ఉండాలని నేను అంటాను.

రేడియో_విశ్రాంతి

సాగర్‌నగర్ అమ్మా, చాలా మంచి మాట చెప్పారు. నేను రేడియోలో టేపుల దగ్గర పనిచేసి రిటైర్ అయ్యాను. యంత్రం దగ్గర ఏం జరుగుతుందో నేను చెబుతాను.

టేపును డిజిటల్‌లోకి తీసేటప్పుడు మొదట చూడాల్సింది హెడ్డు కోణం. దాన్ని అజిముత్ అంటాం. రికార్డు చేసిన హెడ్డు ఏ కోణంలో ఉందో, చదివే హెడ్డు సరిగ్గా ఆ కోణంలో ఉండాలి. వెంట్రుకవాసి తప్పినా పై స్థాయి ధ్వని పోతుంది. తాళం చిడతల మెరుపు, 'స', 'ష'ల స్పష్టత మొదట పోయేవి అవే. మోనో టేపులో ఈ నష్టం మరీ ఎక్కువగా తెలుస్తుంది. ఒకసారి అలా మసగ్గా తీసేశాక దాన్ని 192లో తీసినా 384లో తీసినా మసక మసకే. తర్వాత ఈక్వలైజర్‌తో ట్రెబుల్ పెంచితే వచ్చేది హిస్సు, అంటే టేపు సుయ్‌మనే చప్పుడు.

అందుకే మంచి స్టూడియోలు టేపు మొదట్లో టెస్టు టోన్లు రికార్డు చేసి పెట్టేవి. వాటితో కోణం, లెవెల్, ఈక్వలైజేషన్ సరిచేసుకుని అప్పుడు తీయాలి. హిస్సు తగ్గించే డాల్బీ పద్ధతి వాడిన టేపైతే ఆ టోన్లు లేకుండా సరిగ్గా విప్పలేం. డబ్బా మీద పెన్సిల్‌తో రాసిన వివరాలు కూడా టేపంత విలువైనవి. ఏ వేగం, ఏ తేదీ, ఇది మాస్టరా, ఎల్పీ కోయడానికి తీసిన కాపీనా అన్నది అక్కడే తెలుస్తుంది. కాపీ తీసిన ప్రతిసారీ హిస్సు పెరుగుతుంది, పదును తగ్గుతుంది.

ఎంవీపీ బాబూ, నువ్వు చెప్పిన 16/44.1 వినేవాళ్లకు సరే. భద్రపరిచేవాళ్లకు మాత్రం నేను 24/96 అంటాను. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం మార్గదర్శకాల్లో కనీసం 24/48 అని ఉంది, ఆచరణలో 24/96 స్థిరపడింది. దీనికి కారణం చెవి కాదు. 78 మీద చిటపటలు చాలా పై పౌనఃపున్యాల దాకా పోతాయి. అవి పూర్తిగా పట్టుబడితేనే ఏది గీతో, ఏది పాటో సాఫ్ట్‌వేర్ విడదీయగలదు. ఇంకో ముచ్చట. టేపు మీద రికార్డు చేసేటప్పుడు మనకు వినపడని చాలా పై పౌనఃపున్యాన్ని కలుపుతారు, బయాస్ అంటాం. దాని ఆనవాలు టేపు మీద మిగిలి ఉంటుంది. ప్రత్యేకమైన హెడ్డుతో దాన్ని కూడా పట్టుకుని, దాని ఆధారంగా టేపు ఊగిసలాటను క్షణక్షణం సరిచేసే ప్లాంజెంట్ అనే పద్ధతి ఉంది. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికా రాక్ బృందం పాత కచేరీల విడుదలల్లో వాడారు. అక్కడ ఎక్కువ బ్యాండ్‌విడ్త్‌కు నిజమైన పని ఉంది.

ఎంవీపీ_మిక్సింగ్

మాస్టారూ, ఇందులో మీతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. భద్రపరిచే ఫైలు వేరు, అమ్మే ఫైలు వేరు.

పూర్ణామార్కెట్

నా అనుభవం ఒకటి రాస్తాను. పేరు చెప్పను గానీ, ఒక కర్ణాటక సంగీతం పునర్విడుదలను హై-రెస్ అని డబ్బు పెట్టి కొన్నాను. వింటుంటే గాయకుడు నీళ్లలోంచి పాడుతున్నట్టు ఉంది. స్పెక్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూస్తే 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోయింది. అంటే ఎక్కడో ఎంపీ3 నుంచి తీసి, దాన్ని సాగదీసి 24/96 అని పెట్టారు. ఉత్తరం రాసినా జవాబు లేదు.

దాన్ని మించి బాధ కలిగించింది తంబుర. పాట మధ్యలో గాయకుడు ఆగినప్పుడల్లా తంబుర మాయమై, మళ్ళీ నోరు తెరవగానే తిరిగి వస్తోంది. పాత ఎల్పీలో ఆ చోట్ల తంబుర నిండుగా మోగుతూ ఉంటుంది.

ఎంవీపీ_మిక్సింగ్

ఈ తంబుర సంగతి అందరూ తెలుసుకోవాలి. నాయిస్ తీసే సాఫ్ట్‌వేర్‌కు, ఏది నాయిస్ అన్నది ముందు మనం చూపిస్తాం. పాట మొదలయ్యే ముందున్న ఖాళీని ఎంచుకుని 'ఇది నేర్చుకో' అంటాం. పాశ్చాత్య రికార్డింగులో ఆ ఖాళీలో ఉండేది హిస్సు మాత్రమే. మన కచేరీలో ఆ ఖాళీలోనే తంబుర మోగుతూ ఉంటుంది. హిస్సు లాగే అది కూడా ఆగకుండా, ఒకే తీరుగా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ దాన్నీ నాయిస్ అని నేర్చుకుంటుంది. గొంతు వచ్చినప్పుడు వదిలేస్తుంది, గొంతు ఆగగానే నొక్కేస్తుంది. నీళ్లలోంచి పాడినట్టు అనిపించడానికి ఎంపీ3 ఒక కారణమైతే ఇది రెండోది.

చేయాల్సిన తీరు వేరు. చిటపటలు, టప్‌మన్న దెబ్బలు ఒక్కొక్కటిగా చేత్తో తీయాలి, హిస్సును చాలావరకు వదిలేయాలి. హిస్సు వెనక నుంచి పాటను విడదీసుకోవడం చెవికి బాగా వచ్చు. హిస్సుతో పాటు పోయిన తంబురను మాత్రం ఏ చెవీ వెనక్కి తేలేదు.

సాగర్‌నగర్_శ్రోత

తంబుర తీసేసి కర్ణాటక సంగీతం అమ్మడం! ఈ మాట చదివి నిజంగా బాధేసింది. పాడేవారికి ఆధారమే అది.

ఏయూ_హాస్టల్

వినైల్ అన్నను ఒకటి అడగాలి. కొత్త ఎల్పీ కొంటే అసలు డిజిటల్ తగలని ధ్వని వస్తుందా?

గాజువాక_వినైల్

తమ్ముడూ, అట్ట మీద స్పష్టంగా అలా రాసి ఉంటే తప్ప అనుకోవద్దు. ఇప్పుడొచ్చే ఎల్పీల్లో చాలావాటిని డిజిటల్ ఫైలు నుంచే కోస్తున్నారు. 2022 జులైలో మొబైల్ ఫిడిలిటీ సంగతి బయటపడింది. 'ఒరిజినల్ మాస్టర్ రికార్డింగ్' అని ముద్ర వేసి అమ్మే ఆ సంస్థ ఎల్పీలు పూర్తి అనలాగ్ అని అందరూ అనుకునేవారు. మాస్టర్ టేపును ముందు డీఎస్‌డీలోకి తీసుకుని, దాని నుంచి కోస్తున్నామని వాళ్ల ఇంజినీర్లే ఒప్పుకున్నారు. 2011 నుంచే అలా మొదలైంది. కోర్టు కేసు కూడా నడిచింది. ఆ ఎల్పీలను ప్రపంచంలో పేరున్న సమీక్షకులు అనలాగ్ ధ్వని అంటే ఇదీ అని మెచ్చుకున్నారు.

దీని నుంచి ఎల్పీ దండగ అని తేల్చకండి. ఎల్పీకి దాని హద్దులే మేలు చేస్తాయి. గాడిలో సూది నిలవాలంటే మరీ గట్టిగా కోయలేరు, బేస్‌ను మధ్యకు తేవాలి, 'స'కారాలను అదుపులో పెట్టాలి. సీడీని నొక్కినట్టు నొక్కితే ప్రయోజనం ఉండదు కాబట్టి చాలామంది ఎల్పీకి విడిగా, నెమ్మదైన మాస్టర్ చేస్తారు. నేను ఎల్పీ కొనేది దానికోసం. డాబాగార్డెన్స్ గారు అడిగినట్టు దారి మొత్తం అట్ట మీద రాయాలి, అందులో నేను మీతోనే ఉన్నాను.

డాబాగార్డెన్స్_రికార్డులు

గట్టిగా నొక్కడం గురించి చెప్పాలంటే 2008లో వచ్చిన మెటాలికా రాక్ బృందం ఆల్బం 'డెత్ మాగ్నెటిక్' అందరికీ తెలిసిన ఉదాహరణ. సీడీలో ధ్వని పగిలేదాకా నొక్కేశారు. గిటార్ హీరో అనే వీడియో గేమ్‌లో అవే పాటలు నొక్కకుండా ఉన్నాయని అభిమానులే కనిపెట్టారు. రెండింటిలోనూ ఉన్నది ఒకే రికార్డింగు, తేడా అంతా ఆ తర్వాత ఎంత నొక్కారన్నదానిలోనే. ఇప్పుడు స్పాటిఫై, యూట్యూబ్ లాంటివి అన్ని పాటలనూ ఒక స్థాయికి తెస్తున్నాయి, స్పాటిఫై మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (ధ్వని గట్టిదనానికి కొలత) దగ్గర. గట్టిగా నొక్కిన పాటను అవి ఎలాగూ తగ్గించేస్తాయి. ఇంకా పాత పాటలను నొక్కి రీమాస్టర్ చేయడం దేనికో నాకు అర్థం కాదు.

రీమాస్టర్, రీమిక్స్ వేర్వేరు అని కూడా ఇక్కడ రాసి పెడదాం. పూర్తయిన మిక్స్‌ను తీసుకుని మెరుగుపరిస్తే రీమాస్టర్. 2009 సెప్టెంబర్‌లో వచ్చిన బీటిల్స్ సెట్టు అలాంటిది. విడివిడి ట్రాకుల నుంచి మళ్ళీ కలిపితే రీమిక్స్. మోనో పాటను స్టీరియో చేయడం మూడో రకం. అరవైలలో బేస్ ఒక వైపు, ట్రెబుల్ ఇంకో వైపు పంపి స్టీరియో అని అమ్మారు. ఇవాళ్టికీ ఆ నకిలీ స్టీరియోలు కొన్ని చలామణిలో ఉన్నాయి. మన 'మాయాబజార్' 2010లో రంగుల్లో వచ్చినప్పుడు ధ్వనిని కూడా చుట్టూ స్పీకర్లలో వినిపించే డీటీఎస్ 5.1కి మార్చారు. థియేటర్ కోసం చేసిన పనిగా దాన్ని గౌరవిస్తాను. కానీ 1957 నాటి మోనోను అలాగే, శుభ్రంగా వినే అవకాశం కూడా ప్రేక్షకుడికి ఉండాలి.

ఏయూ_హాస్టల్

నేను బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌లో వింటాను. హాస్టల్‌లో వేరే దారి లేదు. నాకు ఇవన్నీ వర్తిస్తాయా?

ఎంవీపీ_మిక్సింగ్

హై-రెస్ అంకె వర్తించదు, మాస్టరింగ్ మాత్రం తప్పకుండా వర్తిస్తుంది. కుదించకుండా పంపాలంటే సీడీ నాణ్యతకే సెకనుకు 1,411 కిలోబిట్లు కావాలి. బ్లూటూత్‌లో ధ్వనిని కుదించి పంపే పద్ధతుల్లో (కోడెక్‌లు) బాగా ఎక్కువ పంపగల ఎల్‌డాక్ కూడా 990 దగ్గర ఆగుతుంది, మామూలు కోడెక్‌లు ఇంకా తక్కువ. కాబట్టి 192 ఫైలుకు డబ్బు పెట్టకు. అదే పాట మూడు నాలుగు విడుదలల్లో ఉంటే అన్నీ విని, నొక్కనిది, తంబుర ఉన్నది ఎంచుకో. బ్లూటూత్‌లో కూడా ఆ తేడా తెలుస్తుంది. డబ్బు మిగిలితే వైరున్న మంచి హెడ్‌ఫోన్ కొనుక్కో.

పూర్ణామార్కెట్

రేడియో మాస్టారూ, చివరిగా ఒక సహాయం. మా పెదనాన్నగారు రికార్డు చేసిన కచేరీల స్పూల్ టేపులు ఇంట్లో ఉన్నాయి. తిప్పితే కొన్ని హెడ్డుకు అతుక్కుని కీచుమంటున్నాయి. ఓవెన్‌లో పెట్టి కాలిస్తే బాగవుతాయని నెట్‌లో చదివాను. చేయవచ్చా?

రేడియో_విశ్రాంతి

దయచేసి ఇప్పుడే పెట్టకండి. ముందు వాటిని తిప్పడం ఆపేయండి. కీచుమన్నప్పుడల్లా పాట ఉన్న పూత రాలుతోంది.

అతుక్కోవడానికి కారణం తేమ. డెబ్బైల నుంచి వచ్చిన కొన్ని టేపుల్లో పూతను పట్టి ఉంచే జిగురు గాలిలో తేమను పీల్చుకుని చెడుతుంది. మన సముద్రపు గాలిలో అది ఇంకా తొందరగా జరుగుతుంది. అలాంటి టేపులను సుమారు 50 నుంచి 55 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు సమానంగా వేడి చేస్తే కొన్నాళ్లు తిప్పడానికి వీలవుతుంది, ఆలోపు డిజిటల్‌లోకి తీసేయాలి. వంటింటి ఓవెన్ వేడి ఒక్కచోట నిలవదు. దాంతో చేయకూడదు.

అంతకంటే పాతవి అసిటేట్ టేపులు. వాటిని వేడి చేస్తే పాడైపోతాయి. స్పూలును దీపానికి ఎదురుగా పట్టుకోండి. వెలుతురు అవతలికి కనిపిస్తే అసిటేట్, కనిపించకపోతే పాలియెస్టర్. అసిటేట్ చెడితే వెనిగర్ వాసన వస్తుంది. అలాంటివి కనిపిస్తే మిగతావాటికి దూరంగా పెట్టండి.

డబ్బాల మీద ఏం రాసి ఉందో, టేపు వెనక వైపు కంపెనీ పేరు, నంబరు ఏముందో ఫొటోలు తీసి ఇక్కడ పెట్టండి. ఏ టేపుకు ఏం చేయాలో చూసి చెబుతాను. అప్పటిదాకా బీరువాలో, సిలికా జెల్ వేసి మూసిన డబ్బాలో నిలబెట్టి ఉంచండి, ఒకదాని మీద ఒకటి పేర్చకండి.

పూర్ణామార్కెట్

చాలా థ్యాంక్స్ మాస్టారూ. రాత్రికి ఫొటోలు పెడతాను. రెండు డబ్బాల మీద మా పెదనాన్నగారి చేతిరాతతో శ్రుతి, వేగం రాసి ఉన్నట్టు గుర్తు. అవీ తీస్తాను.